మానుపిల్లి పథ్యం

ఆ రోజుల్లో జంతువుల మీద పరిశోధన అంటే పులే. పులి కాకపోతే ఏనుగు, ఏనుగు కాకపోతే కనీసం ఎలుగుబంటి. మా డిపార్టుమెంటులో చేరిన ప్రతివాళ్ళూ గోడ మీద పులిబొమ్మ అంటించుకుని, ఒంటినిండా జేబులున్న ఆకుపచ్చ చొక్కా ఒకటి కుట్టించుకుని, ఇక అడవి నుంచి పిలుపు రావడమే తరువాయి అన్నట్టు కూర్చునేవాళ్ళు. నేనూ కుట్టించుకున్నాను. (ఇన్నేళ్ళ సర్వీసులో రెండో జేబు దాటి వాడవలసిన అవసరం రాలేదు.) ఇప్పుడు నన్ను క్షీరదాల శాస్త్రవేత్త అంటున్నారు. పిల్లలకు పాలిచ్చి పెంచే జంతువులన్నీ, తిమింగలం నుంచి చుంచు దాకా, నా శాఖ కిందికే వస్తాయి. ఢిల్లీ ద్వారకలో మేముండే సొసైటీలో మాత్రం నా హోదా ఇంకాస్త పెద్దది. బాల్కనీలోకి కోతి వస్తే నాకు ఫోను, కుక్క అన్నం మానేస్తే నాకు ఫోను. ఒకావిడ బల్లి పడ్డ సాంబారు తినొచ్చా అని అడిగింది. బల్లి నా శాఖ కాదని చెబితే, "అచ్ఛా, మరి దాన్ని ఏ మేడమ్ చూస్తారు?" అంది. ఇంతటి కెరీరుకు పునాది ఎక్కడ పడిందో ఎవరైనా అడిగితే నాకు నవ్వొస్తుంది. అది ఏ అడవిలోనూ పడలేదు. ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్ల డాబా మీద, నీళ్ళ ట్యాంకుల పక్కన, మా పిన్ని కలిపిన పులిహోరలో పడింది.

మా గైడు మాటలు పొదుపుగా వాడే మనిషి. మొదటిరోజు నేను పులి మాట ఎత్తగానే, "ఒక్కో పులి వెనకాల ఇప్పటికే ఇద్దరేసి స్టూడెంట్లు తిరుగుతున్నారు. మూడో మనిషిని చూస్తే దానికి విసుగొస్తుంది. నువ్వు ఢిల్లీలోనే ఉంటావుగా, మానుపిల్లి మీద చెయ్యి" అన్నారు. మానుపిల్లి పేరుకే పిల్లి. పిల్లి కన్నా పొడుగ్గా, ముంగిస మూతితో, దాదాపు తనంత తోకతో, చీకటి పడ్డాక చెట్ల మీదా డాబాల మీదా తిరిగే జంతువు. పళ్ళు, పురుగులు, ఎలుకలు, ఏది దొరికితే అది తింటుంది. నగరం నడిబొడ్డున మనతోబాటే కాపురం ఉంటూ మన కంట పడకుండా బతకడం దాని ప్రజ్ఞ. కనబడనిదాన్ని చదవాలంటే అది విడిచి వెళ్ళినదాన్ని చదవాలి. ఇంకాస్త స్పష్టంగా చెప్పక తప్పదు కాబట్టి చెబుతున్నాను, నా పరిశోధన అంతా దాని పెంట మీద. తెల్లారగానే డాబాలెక్కి దాన్ని ఏరుకొచ్చి, కడిగి, ఎండబెట్టి, అందులో గింజలెన్ని, పురుగుల రెక్కలెన్ని, ఎలుక వెంట్రుకలెన్ని అని విడదీసి, ఈ మహానగరంలో ఆ జీవి సొంతంగా ఏం సంపాదించుకు తింటోందో తేల్చడం నా పని.

నేను ఉండేది మా బాబాయి ఇంట్లో. ఆయన కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. మెట్రో ఇంకా ఆ వైపు రాని రోజులవి. పై అంతస్తు క్వార్టరు, దాని మీద డాబా, డాబా మీద నల్లటి ట్యాంకులు, చుట్టూ వేప, మల్బరీ, నేరేడు చెట్లు. మానుపిల్లి కళ్ళతో చూస్తే అంతకన్నా మంచి పేట దేశ రాజధానిలో లేదు. కాకినాడ నుంచి నన్ను తీసుకొచ్చి దించినప్పుడు మా నాన్న బాబాయితో ఒక ఒప్పందం చేసుకున్నాడు. "రెండేళ్ళు చూద్దాంరా. కమిటీ వాళ్ళు దీని ఫెలోషిప్పు పొడిగిస్తే సరే. లేదంటే కటవారియా సరాయ్‌లో గది చూసి సివిల్స్ కోచింగ్‌లో పడేద్దాం." బాబాయి సరేనన్నాడు కానీ మనసులో బాధగానే ఉండేది ఆయనకి. "పులి మీద అయితే ఆఫీసులో చెప్పుకోడానికి బావుండేదమ్మా. ఇది చూడు, ఎక్కడికెళ్ళినా పిల్లిని చంకలో పెట్టుకుని పెళ్ళికెళ్ళినట్టుంది" అనేవాడు. పిన్ని బాధ వేరు. ఒకరోజు నేను నమూనాలు కడగడానికి వాడుతున్నది తన రవ్వ జల్లెడ అని ఆవిడ కనిపెట్టింది. రెండు పూటలు నాతో మాట్లాడలేదు. తర్వాత ఆ జల్లెడ నాకే దానం చేసేసి, కొత్తది కొనుక్కుని, దానికి ఎర్రదారం కట్టుకుంది. ఎర్రదారం ఉన్నది వంటింటిది, లేనిది నాది. సైన్సులో లేబులింగ్ ఎంత ముఖ్యమో నాకు మొదట నేర్పింది ఆవిడే. వేసవిలో డాబా మీద ఆ చివర ఆవిడ గుమ్మడి వడియాలు, ఈ చివర నా నమూనాలు ఎండేవి. మధ్యలో బాబాయి లుంగీ ఆరేసి సరిహద్దు ఏర్పాటు చేసుకున్నాం.

అంతా సవ్యంగా సాగుతుండగా ప్రెసిడెంట్ అంకుల్ కారు కొన్నారు. ఈయన మా బ్లాకుల అసోసియేషన్‌కి ప్రెసిడెంటు, లక్నో మనిషి, మర్యాదస్తుడు. కారు వచ్చిన వారంలోనే దాని బానెట్ మీద ఒక పొద్దున మల్బరీ గింజలతో నిండిన కానుక ఒకటి కనబడింది. (నేను పరుగెత్తుకెళ్ళి దాన్ని కవర్లోకి జాగ్రత్తగా ఎత్తుకున్నాను. తుడిచిపెడుతున్నాను కాబోలనుకుని ఆయన "థాంక్యూ బేటా" అన్నారు.) ఆ కానుక మర్నాడూ వచ్చింది. దానికి తోడు పై అంతస్తుల వాళ్ళందరూ డాబా మీద అడుగుల చప్పుడు గురించి అప్పటికే గొణుగుతున్నారు. దొంగ అని కొందరు, కోతి అని కొందరు, పేరు చెప్పడానికి ఇష్టపడని మరొకటని ఇంకొందరు. ఆదివారం పొద్దున పార్కులో మీటింగు పెట్టారు. బోను తెచ్చి పట్టే మనిషిని పిలిపించి, ఆ జంతువేదో దాన్ని దూరంగా హర్యానా వైపు వదిలి రమ్మనాలని తీర్మానం. అది పోతే నా నమూనాలు పోతాయి. నమూనాలు పోతే కమిటీ ముందు పెట్టడానికి నా దగ్గర జేబుల చొక్కా తప్ప ఏమీ మిగలదు.

లేచి నిలబడ్డాను. నాకొచ్చిన హిందీ పరీక్షలు రాసి పాసైన హిందీ. అందులో కూరగాయలు కొనడం కష్టం గానీ ఉపన్యాసానికి పనికొస్తుందనుకున్నాను. "మాన్యవర్, యహ్ ఏక్ స్తన్‌పాయీ ప్రాణీ హై" అని మొదలుపెట్టాను. పాలిచ్చే జంతువు అనడానికి పుస్తకాల్లో ఉన్న మాట అది. పెద్దలందరూ గబుక్కున నేలచూపులు చూశారు. ఒకాయన తన మనవరాలిని ఆడుకోవడానికి పంపించేశాడు. ఎలాగో గొంతు సవరించుకుని, ఇది ఎలుకల్ని తింటుంది, చెట్ల గింజల్ని నాటుతుంది, మనకెంతో ఉపకారి అని చెప్పుకొచ్చాను. అంతా విని ప్రెసిడెంట్ అంకుల్, "వో సబ్ ఠీక్ హై బేటా. కాటేగా క్యా?" అని అడిగారు. శాస్త్రవేత్త అబద్ధమాడకూడదు కదా. మూలకి నెట్టి వేధిస్తే కరుస్తుంది అన్నాను. వాళ్ళకి చివరి మాట ఒక్కటే వినిపించింది. బోనుకి అక్కడికక్కడే చేతులు లేచాయి.

అప్పుడు మా బాబాయి లేచాడు. ఆఫీసులో ఫైలు పైకి నడపడం తప్ప వేరే సాహసం చేసి ఎరగని మనిషి. కండువా సర్దుకుని, "భాయియోం, ఆప్ జాన్‌తే హై యే కౌన్ హై?" అన్నాడు. ఏమిటి అనలేదు, ఎవరు అన్నాడు. తిరుమలలో శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామివారికి పునుగు తైలం పూస్తారని, ఆ పునుగు ఇచ్చేది ఇలాంటి పిల్లేనని, కొండ మీద దాన్ని గౌరవంగా పెంచుకుంటారని, అలాంటిది ఏ పుణ్యం కొద్దీనో మన బ్లాకుల మీదికి వస్తే బోనులో పెట్టి హర్యానా పంపిస్తారా అని అడిగాడు. నేను ఆయన చొక్కా లాగాను. "బాబాయ్, అది పునుగు పిల్లి. ఇది మానుపిల్లి. జాతి వేరు. ఇది దానికి దాయాది, అంతే" అన్నాను. ఆయన నా వైపు తిరిగి, "దాయాదికి వాటా ఉండదటమ్మా?" అన్నాడు. నేను వదలకుండా అదే మాట హిందీలో అందరికీ చెప్పబోతుంటే పిన్ని నన్ను కూర్చోబెట్టింది. "నోర్ముయ్యవే. పెద్దాళ్ళు మాట్లాడుతుంటే జాతులేంటి మధ్యలో!" ఇంతలో మా కింద ఇంట్లో ఉండే పరాఠా ఆంటీ (లూధియానా ఆవిడ. రోజూ పొద్దున ఆ ఇంటి నుంచి వచ్చే వాసనని బట్టి పెట్టుకున్న పేరు) గట్టిగా చేతులు జోడించింది. "తభీ మై కహూఁ! సుబహ్ సుబహ్ సీఢియోం మే బాస్మతి కీ ఖుష్బూ కహాఁ సే ఆతీ హై!" అంది. ఆ మాట మాత్రం నిజం. ఆ జంతువు తిరిగిన చోట బాస్మతి అన్నం ఉడికినట్టు వాసన ఉంటుంది, అది దాని గ్రంథుల పని. కానీ ఆ పరిస్థితిలో గ్రంథుల సంగతి ఎవరు వింటారు? ప్రెసిడెంట్ అంకుల్ కళ్ళద్దాలు తీసి, "బాలాజీ కీ బిల్లీ హై తో ఫిర్ బాత్ హీ ఖతమ్" అన్నారు. బోను రద్దయింది. నేను చెప్పిన సైన్సుకి ఒక్క ఓటు రాలేదు, దాయాదికి ఏకగ్రీవం. బాబాయి నమ్మి అన్నాడో, నా మొహం చూసి అన్నాడో ఇప్పటికీ చెప్పడు. ఇంటికొచ్చాక మాత్రం, "పొడిగింపు సంగతి ఇక నువ్వు చూసుకో" అని పేపరు తిరగేశాడు.

పిల్లి దక్కిందని నేను సంబరపడ్డాను గానీ, దేవుడి పిల్లిగా దక్కిందన్న సంగతి శుక్రవారం దాకా తట్టలేదు. శుక్రవారం సాయంత్రం పిన్ని తలంటుకుని, విస్తరాకులో పులిహోర, చక్రపొంగలి పెట్టి ట్యాంకు పక్కన ఉంచి, దణ్ణం పెట్టుకుని వచ్చింది. మర్నాడు ఆకు ఖాళీ. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అసలే పిన్నికి పిల్లల్లేరు, పెట్టింది తినేవాళ్ళంటే ప్రాణం. సంగతి బ్లాకులన్నీ పాకింది. రెండో శుక్రవారానికి పరాఠా ఆంటీ సూజీ హల్వా, పక్క బ్లాకు తమిళ మామి వడలు, ప్రెసిడెంట్ అంకుల్ ఇంటి నుంచి కిస్‌మిస్‌లు, ఖర్జూరాలు వచ్చి చేరాయి. ఆయన కారు బానెట్ మీద మళ్ళీ కానుక పడితే ఈసారి తుడవనివ్వలేదు, కాసేపు ఉండనీ అన్నారు. ఇక నా జల్లెడలో పడ్డవి చూస్తే నాకు ఏడుపొచ్చింది. మల్బరీ గింజలుండాల్సిన చోట ఆవాలు, శనగపప్పు. పురుగుల రెక్కలుండాల్సిన చోట కరివేపాకు, యాలకుల తొక్క. అక్కడక్కడా అరగని జీడిపప్పు. నగరంలో అడవి జంతువు స్వయంకృషి మీద నేను చేస్తున్న పరిశోధన కాస్తా మా బ్లాకుల వంటల మీద సర్వేగా మారిపోయింది. పైగా అది నున్నగా, గుండ్రంగా తయారైంది. పైపు పట్టుకుని ఎక్కేటప్పుడు మధ్యలో ఆగి రొప్పుతోందని పరాఠా ఆంటీ చెప్పింది, అదీ చాలా గర్వంగా.

పిన్నిని బతిమాలాను. "కమిటీ అయ్యేదాకా ఆపు పిన్నీ. లేకపోతే నన్ను కటవారియా సరాయ్‌కి పంపించేస్తారు." ఆవిడ కూరగాయలు తరగడం ఆపలేదు. "నీ పరీక్ష కోసం నోరులేని జీవిని పస్తు పెట్టమంటావుటే? అదేమన్నా నాకోసం వచ్చిందా, స్వామి పంపిస్తే వచ్చింది." బాబాయి దగ్గరికి వెళ్ళాను. నువ్వే కదా దాన్ని దేవుణ్ణి చేశావు, నువ్వే దింపెయ్యి అన్నాను. ఆయన కళ్ళద్దాల మీదుగా చూసి, "నేను రాసింది నోటింగేనమ్మా. ఆర్డరు మీ పిన్నిది. ఆర్డరు మార్చాలంటే పై అథారిటీ కావాలి" అన్నాడు. మా ఇంట్లో పిన్నికి పై అథారిటీ ఎవరూ లేరు.

జూన్ చివర కమిటీ కూర్చుంది. బల్లకి అటు మా గైడు, ఇంకొందరు ప్రొఫెసర్లు, మధ్యలో బయటినుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన. జీవితమంతా హిమాలయాల్లో మంచుచిరుతల వెంట తిరిగి రిటైరైన మనిషి. నేను నమూనాల లెక్కలన్నీ ఒక పటం వేసి చూపించాను. మల్బరీకి ఒక గడి, నేరేడుకి ఒకటి, పురుగులకి ఒకటి, ఎలుకలకి ఒకటి, చివర 'ఇతరములు' అని మేడలాంటి గడి. పెద్దాయన దాని మీద వేలుపెట్టి, ఇందులో ఏమున్నాయి అన్నారు. ఆవాలు, కరివేపాకు, జీడిపప్పు, కిస్‌మిస్ అని నెమ్మదిగా చదివాను. ఇది ప్రతి శుక్రవారం తర్వాత ఎందుకు పెరుగుతోంది అని అడిగారు. స్వామి, అభిషేకం, తైలం, దాయాది, పులిహోర, అన్నీ చెప్పుకోవలసి వచ్చింది. నాకు తెలిసిన ఇంగ్లీషులో దాయాదికి మాట దొరక్క అక్కడ కొంచెం తడబడ్డాను. మా గైడు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, ఈ అమ్మాయి ఎవరో నాకు తెలియదన్నట్టు. పెద్దాయన మాత్రం ముందుకు వంగారు. "మీ పిన్నిగారు ఎప్పుడైనా శుక్రవారం మానేస్తారా?" "జ్వరమొచ్చినా మానరండి." ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. "మనుషులు పెట్టే తిండి జంతువుని ఏం చేస్తుందో చూడాలని మేం ఏళ్ళ తరబడి కొట్టుకుంటాం. ఇంత క్రమం తప్పకుండా పెట్టే మనిషి ఏ ప్రాజెక్టులోనూ దొరకదు. ఇదే నీ పరిశోధన చేసుకో. కానీ పెట్టడం మొదలయ్యాక ఎలా ఉందో చూపిస్తే చాలదు. కొన్నాళ్ళు పూర్తిగా ఆగిపోతే, అదే డాబా మీద, ఏం తింటుందో కూడా చూపించాలి. దసరా తర్వాత మళ్ళీ కూర్చుందాం. ఆలోపు మీ పిన్నిగారిని ఆపు. లేదంటే ఇది కథే అవుతుంది, సైన్సు కాదు." అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పులిని ఆపమన్నా ఏదో దారి ఉంటుంది. నిజంగా భయమేసింది. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని, కటవారియా సరాయ్‌లో కిటికీ ఉన్న గది అద్దెకు దొరుకుతుందా అని ఆలోచించాను.

జూలైలో వర్షాలు మొదలై నేరేడు పళ్ళు రోడ్డంతా రాలి ఊదారంగు పులుముతున్న రోజులు. ఒక ఉదయం డాబా ఎక్కాను. ట్యాంకుల వెనకాల ఎవరో ఎప్పుడో పారేసిన పాత కూలర్ డబ్బా ఉండేది. అందులోంచి సన్నగా కూతలు. వంగి చూస్తే గడ్డి మధ్యలో కళ్ళు తెరవని పిల్లలు, వాటి చుట్టూ తోక చుట్టుకుని పడుకున్న మన బాలాజీ బిల్లీ. అది రొప్పింది తిండి ఎక్కువై మాత్రమే కాదన్నమాట. నేను, క్షీరదాల శాస్త్రవేత్తని కాబోతున్నదాన్ని, దాని పెంటలో ప్రతి గింజనీ గుర్తుపట్టగలిగినదాన్ని, అది గర్భంతో ఉందని మాత్రం పోల్చుకోలేకపోయాను. పిల్లలు తల్లి పొట్టకి అతుక్కుని తాగుతున్నాయి. అంతవరకూ పుస్తకాల్లో చదివిన క్షీరదం అనే మాటకి అర్థం నా ఎదురుగా ఊపిరి తీసుకుంటుంటే, సిగ్గుపడకుండా చెబుతున్నాను, కాసేపు పులులన్నీ మర్చిపోయాను.

కిందికి పరుగెత్తి పిన్నితో, "పిన్నీ, అది ఈనింది!" అన్నాను. "ఈనడమేంటే, గేదెలాగా! ప్రసవించింది అను" అని కసిరి, వెంటనే డాబా ఎక్కి దూరం నుంచే చూసి, మెటికలు విరిచి దిష్టి తీసింది. ఆ రోజు శుక్రవారమే. దిగి వచ్చి, "ఇవాళ పులిహోర రెట్టింపు చెయ్యాలి. పాలు పడాలి కదా పాపం" అంటూ చింతపండు నానబెట్టబోయింది. అప్పుడు నా నోటి వెంట ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. మా అక్క కాకినాడకి పురిటికి వచ్చినప్పుడు ఇదే పిన్ని ఢిల్లీ నుంచి దిగి, నెల పైచిలుకు మంచం పక్కనే కాపలా కాసి, అక్క ఒక్క ఆవకాయ ముక్క అడిగినందుకు ఎంత రాద్ధాంతం చేసిందో గుర్తొచ్చి ఉండాలి. "పిన్నీ, బాలింతకి చింతపండు పెడతావా?" అన్నాను.

పిన్ని చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. "అయ్యో, నా మతి మండా!" అంది. చింతపండు డబ్బాలోకి వెళ్ళిపోయింది. అరటిపండు పెడితే పిల్లలకి జలుబు చేస్తుంది, అదీ బంద్. చక్రపొంగలి మందం, బంద్. మామి వడల్లో శనగపప్పు వాతం, బంద్. సైన్సూ, కన్నీళ్ళూ, కటవారియా సరాయ్ భయమూ కలిసి చెయ్యలేని పనిని ఒక్క పథ్యం క్షణంలో చేసేసింది. కొంగు బిగించి మెట్లు దిగి, ప్రతి ఇంటి తలుపూ తట్టి, డాబా మీద బాలింత ఉంది, ఎవరూ ఏమీ పెట్టకండి అని చెప్పి వచ్చింది. ఒక్క పరాఠా ఆంటీ దగ్గరే చిక్కొచ్చింది. "అరే దీదీ, జచ్చా కో తో పంజీరీ దేనీ చాహియే! బాలింతకి పంజీరీ పెట్టాలి, నెయ్యి, జీడిపప్పు, బాదం, గోంద్ జిగురు అన్నీ వేసి. లేకపోతే నడుం నిలబడదు" అని ఆవిడ అప్పటికే మూకుడు పొయ్యి మీద పెట్టేసింది. పంజీరీ గనక డాబా ఎక్కితే 'ఇతరములు' మళ్ళీ మేడ కడుతుంది. రెండు రాష్ట్రాల బాలింత శాస్త్రాలు మెట్ల మీద కాసేపు హోరాహోరీగా తలపడ్డాయి. చివరికి పిన్ని నడుం మీద చెయ్యి పెట్టుకుని, తనకొచ్చిన హిందీలో ఒకటే అడిగింది. "బిల్లీ కిస్‌కీ హై? హమారే బాలాజీ కీ. తొలి కాన్పు మాయకే మే హోతా హై నా? తో మాయకే కా పథ్యం చలేగా." తొలి కాన్పు పుట్టింట్లో, పుట్టింటి పద్ధతే చెల్లుతుంది. అది తొలి కాన్పే అని ఆవిడకి ఎవరు చెప్పారో నేను అడగలేదు. పరాఠా ఆంటీ పొయ్యి ఆర్పేసింది. "ఠీక్ హై దీదీ. మాయకే కీ బాత్ హై, మై క్యా బోలూఁ" అని ఆ పంజీరీ మా ఇంటికే పంపించింది. బాబాయి, నేను తిన్నాం. చాలా బాగుంది.

పిన్ని ఊరికే ఉండలేక ఒకరోజు వేడన్నంలో వెల్లుల్లి కారం, నువ్వుల నూనె కలిపి ముద్దచేసి ఆకులో పెట్టి వచ్చింది. పిల్లి ముట్టలేదు, కాకులు కూడా కాసేపు ఆలోచించుకున్నాయి. "బాలింతలు మొదట్లో అలాగే మొరాయిస్తారు" అని ఆవిడ ఇక ఆ ప్రయత్నం మానేసింది. పిల్లలు కూలర్ డబ్బా దిగి తల్లి వెనకాల వరసగా నడిచేదాకా డాబా మీద మెతుకు పడలేదు. నా జల్లెడలో మళ్ళీ నేరేడు గింజలు, పురుగుల రెక్కలు, ఎలుక వెంట్రుకలు. ఆవగింజ అన్నది లేదు. బాలింత కదా ఏం వేటాడుతుందిలే అనుకున్నాను గానీ, అది ముందుకన్నా ఎక్కువ ఎలుకల్ని పట్టింది. వండి పెట్టేవాళ్ళు లేకపోతే ఎవరి వంట వాళ్ళకి వస్తుందని దాన్ని బట్టి తేలింది. (కమిటీకి ఇదే మాట ఇంకొంచెం పొడుగ్గా చెప్పాను.) దసరా తర్వాత పెద్దాయన కొత్త పటం తిప్పి తిప్పి చూసి, "మొత్తానికి మీ పిన్నిగారిని ఎలా ఆపావు?" అన్నారు. "ప్రసవానంతర ఆహార నియమాల వల్లండి" అన్నాను. "ఎవరి ప్రసవం?" "పిల్లిదండి." ఆయన కలం తీసి సంతకం పెట్టేశారు. మా నాన్న ఫోనులో విని, "అయితే సివిల్స్ వద్దా?" అని, మళ్ళీ తనే, "పోన్లే, మీ పిన్నికి చెప్పు, థాంక్స్ అని" అన్నాడు. బాబాయి ఆ రోజు మాత్రం ఆఫీసులో స్వీట్లు పంచి, మా అమ్మాయి పిల్లి మీద చేస్తోందని తనంతట తనే చెప్పుకున్నాడు.

అప్పటినుంచి నా బతుకుతెరువు అదే అయిపోయింది. మనుషులు భక్తితో పెట్టే తిండి జంతువుల్ని ఏం చేస్తుంది అన్నది ఇప్పుడు నా పేరు మీద నడిచే విషయం. మంగళవారాల కోతులు, శనివారాల నల్లకుక్కలు, రోడ్డు పక్క రొట్టెలు తినే ఆవులు. ఎక్కడ మాట్లాడమన్నా చివర దయచేసి అడవి జంతువులకు తిండి పెట్టకండి అని చేతులు జోడిస్తాను. జనం చప్పట్లు కొట్టి, వెళుతూ దారిలో కోతులకి అరటిపళ్ళు పెట్టి వెళతారు. మధ్యలో నాకు పాప పుట్టింది. పిన్ని రాజమండ్రి నుంచి (బాబాయి రిటైరయ్యాక అక్కడే ఫ్లాటు తీసుకున్నారు) పెట్టెలు సర్దుకుని ద్వారక వచ్చేసింది. మొదటిరోజే కంచంలో వెల్లుల్లి కారం, వామన్నం. నేను లేచి కూర్చుని, చింతపండు మానాలన్నదానికి ఆధారాలేమీ లేవు పిన్నీ, ఎక్కడా రుజువు కాలేదు, చారు పెట్టు అన్నాను. ఆవిడ ఉయ్యాల ఊపుతూనే, "ఆ పిల్లికి చింతపండు పెట్టకూడదని నాకు చెప్పింది నువ్వు కాదుటే? దాని మీదేగా నీకు డాక్టరేటిచ్చారు? పిల్లికో న్యాయం, నీకో న్యాయమా?" అంది. నెల పైచిలుకు ఆ కారమే తిన్నాను. ఎవరితోనూ చెప్పకండి, ఒంటికి బాగానే పట్టింది.

ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు. పడగొట్టి పెద్ద టవర్లు లేపుతున్నారు. ఈమధ్య అటువైపు పనిబడి వెళ్ళి, మెట్రో దిగి, మా బ్లాకు ఉండాల్సిన చోట రేకుల కంచె బయట నిలబడ్డాను. నేరేడు చెట్టు ఒకటి మిగిలింది. అలవాటు కొద్దీ దాని మొదట్లో వెతికాను. ఏమీ లేదు. జేబుల చొక్కా వేసుకుని, కవరు చేత్తో పట్టుకుని, పులి రాలేదే అని మనసులో ఏడుస్తూ మెట్లెక్కే అమ్మాయి ఒకతి కనబడినట్టయింది. దానికి ఏమీ చెప్పాలనిపించలేదు, ఎక్కనీలే అనుకున్నాను. ఆ సాయంత్రమే పిన్ని ఫోను చేసింది. ఎప్పుడు చేసినా ముందు పాప ఎలా ఉంది అంటుంది, తర్వాత, "మన బాలింత ఎలా ఉందే?" అంటుంది. అన్నేళ్ళు బతికే జంతువు కాదు అది. మానుపిల్లి ఆయుర్దాయం గురించి నేనే ఒక అధ్యాయం రాశాను. కంచె దగ్గర చూసిన సంగతీ, ఆ అధ్యాయం సంగతీ రెండూ మింగేసి, "బాగుంది పిన్నీ, మనవలు కూడా" అన్నాను.

"ఉండదూ మరి! పథ్యం అలా చేయించాం" అంది పిన్ని.